హెల్మెట్ బొమ్మ, లేవీయకాండము, మన పెద్దలు



పచ్చబొట్టు వేయించుకున్నవాడు నరకానికి పోతాడనే సందేశమొకటి వాట్సాప్‌లో తిరిగి తిరిగి మన సంఘం గ్రూపులోకీ వచ్చింది. దాని కింద పదిమంది ఆమెన్ పెట్టారు. మేము పెట్టలేదు. అది ఎవరిని ఉద్దేశించి పంపారో అందరికీ తెలుసు. మన యౌవనస్థుడొకడు పబ్జీ ఆటలోని లెవెల్ త్రీ హెల్మెట్‌ను చేతిమీద వేయించుకోవాలనుకుంటున్నాడు. చాటుగా వేయించుకోకుండా, వేయించుకోవచ్చా అని పెద్దలనే అడిగాడు. అడిగినందుకు మనమిచ్చిన జవాబు నరకం.

ఆ సందేశం చూపే ఆధారం లేవీయకాండము 19:28. చచ్చినవారి కోసం దేహాన్ని కోసుకోవడాన్ని, దేహంమీద గుర్తులు పెట్టుకోవడాన్ని ఆ వచనం కలిపి నిషేధిస్తుంది. చుట్టూ ఉన్న జనముల ఆచారాలనుండి ఇశ్రాయేలును వేరుపరచే మాట అది. దాని ముందున్న 27వ వచనం గడ్డపు అంచుల జోలికి పోవద్దంటుంది. 19వ వచనం రెండు రకాల దారాలు కలిపి నేసిన బట్ట వద్దంటుంది. టెర్రికాటన్ చొక్కా తొడుక్కుని, నున్నగా గడ్డం గీయించుకుని వచ్చి 28వ వచనం ఒక్కటే చదివే అన్నలారా, ఇది వాక్యానికి న్యాయమేనా?

మన అవ్వల చేతులు చూడండి. ఎరుకల స్త్రీలు పొడిచిన పచ్చబొట్లు ఎందరికి లేవు? ఆ చేతులతోనే బల్ల దగ్గర రొట్టె అందుకున్నారు. ఐగుప్తులో కోప్టిక్ క్రైస్తవులు తరతరాలుగా మణికట్టుమీద సిలువ పొడిపించుకుంటున్నారు. వారినీ నరకానికి పంపుదామా? ప్రకటన గ్రంథంలోని ముద్ర అంటారా, అది ఎవరికి మోకరిస్తావన్న ప్రశ్న. హెల్మెట్ బొమ్మకూ దానికీ పొత్తు లేదు.

ఇక తమ్ముడా, నీతో. పెద్దల వాదన తప్పైనంత మాత్రాన నీ కోరిక ఒప్పైపోదు. మా మాట వద్దనే.

2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. 2021 జులైలో అది బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 జులైలో స్టోర్లనుండి మళ్లీ తీసేశారు. 2023 మేలో తిరిగొచ్చింది. ఇలా వస్తూ పోతూ ఉండేదాన్ని నీ చర్మంలో దింపుతావా? ఆట కోసం కాదు, స్నేహం కోసం అన్నావు. మీ నలుగురి స్క్వాడ్‌లో ఒకడు కువైట్‌లో ఉన్నాడు, రాత్రి ఆటలోనే వాడి గొంతు వింటానన్నావు. ఆ మాట మేము తేలిగ్గా తీసుకోలేదు. అయితే వాడి గుర్తు ఆ హెల్మెట్ ఎలా అవుతుంది? అది కంపెనీ బొమ్మ. వాడికి ఫోన్ చెయ్యి, వాళ్లమ్మను చూసి రా.

మన దేహం వెలపెట్టి కొనబడినదని పౌలు కొరింథీయులకు రాశాడు. అన్నిటికీ స్వేచ్ఛ ఉన్నా దేనికీ లోబడనని కూడా అదే అధ్యాయంలో అన్నాడు. రాత్రి రెండింటిదాకా ఆడి ఆదివారం ఆరాధనలో తూగుతున్నావు. అక్కడ ఎవరు ఎవరిని ఆడిస్తున్నారు? బొమ్మకంటే ముందు దానికి జవాబు చెప్పాలి.

పొద్దున్నే రోడ్డుమీద ఆర్మీ సెలెక్షన్ కోసం పరుగెడుతున్నావు కదా. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుకవైపు తప్ప ఇంకెక్కడ శాశ్వత పచ్చబొట్టు ఉన్నా సైన్యం ఒప్పుకోదు. గిరిజనులకే ఆచారాన్నిబట్టి సడలింపు. నువ్వు చూపించిన చోటు భుజం.

పెద్దలారా, అతడు బొమ్మ వేయించుకుంటే మందిరంలో డోలక్ వాయించనివ్వవద్దని మీలో ఒకరు అన్నారు. పొగాకు నమిలే చేతులకు కానుక సంచి ఇస్తున్నాము, ఈ చేతులకు డోలక్ ఇవ్వమా? ఇస్తాము. బల్ల కూడా ఇస్తాము. దీనిమీద కమిటీలో వాదించడానికి మేము సిద్ధం.

తమ్ముడా, ఇంత విన్నాక కూడా వేయించుకుంటానంటే తిరునాళ్లలో కూర్చున్నవాడి దగ్గర మాత్రం వద్దు. కొత్త సూదిని నీ కళ్లముందే విప్పాలి. వాడిన సూదితో కామెర్ల వైరస్‌లు, హెచ్‌ఐవీ అంటుకోగలవు. పచ్చబొట్టు తర్వాత ఏడాదిపాటు రక్తం తీసుకోరు. క్రిస్మస్ రక్తదాన శిబిరం పట్టీలో నీ పేరు ముందే రాసి ఉంది. ఏ సంగతీ ఈ నెలాఖరులోగా మాకు చెప్పు.