భుజం మీద అయస్కాంతం

జడ అల్లుకుందామని చేయి వెనక్కు తీసుకున్నాను. భుజంలో కత్తి దిగినట్లయింది. రెండేళ్ల కిందట కార్తీక మాసంలో మాట ఇది. ఏదో బరువెత్తి ఉంటాననుకొని, అమృతాంజనం రాసుకొని ఊరుకున్నాను. సంక్రాంతి నాటికి కుడిచేయి చెవిదాకా లేవడం మానేసింది. పై అరలోని ఊరగాయ జాడీ అందదు. పమిట సర్దుకోవడానికి ఎడమచేయి సాయం రావాలి. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, ఇక తెల్లవారేదాకా మెలకువే. అనువాదం చేసి బతికే మనిషికి కుడిచేయే పనిముట్టు. రోజుకు పన్నెండు పుటలు తెలుగు చేసే నేను నాలుగింటి దగ్గర ఆగిపోయాను. పుటల లెక్కన డబ్బిచ్చేవారికి నా భుజంతో నిమిత్తం లేదు గదా!

నేనుండేది ఢిల్లీలో, ముఖర్జీ నగర్‌లో. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే పిల్లలు దేశం నలుమూలల నుంచి వచ్చి చేరే పేట ఇది. బత్రా సినిమా చుట్టుపక్కల గోడ అన్నది కనిపించదు, అన్నీ బోర్డులే. కోచింగ్ కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు, నెలకింత అని కుర్చీని అద్దెకిచ్చే ‘లైబ్రరీలు’, టిఫిన్ డబ్బాలవాళ్లు. వాటి నడుమ ఫిజియోథెరపీ బోర్డులు కూడా మొలిచాయి. మెయిన్ పరీక్ష అంటే తొమ్మిది పేపర్లు, ఒక్కొక్కటి మూడు గంటలు. దానికోసం ఏడాది పొడుగునా వంగి రాసేవాళ్లున్నచోట మెడలకూ భుజాలకూ వైద్యం చేసేవారికి గిరాకీ ఉండడంలో ఆశ్చర్యమేమున్నది?

అటువంటి బోర్డొకటి నన్ను మేడ ఎక్కించింది. కోత లేదు, మందు లేదు, విద్యుదయస్కాంత చికిత్సతో పది సిట్టింగులలో భుజం నొప్పి మాయం అని దాని సారాంశం. పరదా వెనుక బల్ల మీద కూర్చోబెట్టి, గాజులూ గడియారమూ తీయించారు. యంత్రం చిన్న బీరువా వలె ఉన్నది. దాని నుంచి వంగే చేయి ఒకటి, ఆ చేతి కొసన పళ్లెమంత తీగచుట్ట. దానిని నా భుజానికి ఆనించీ ఆనించకుండా నిలిపి మీట నొక్కగానే టకటకమని చప్పుడు మొదలైంది. నా ప్రమేయం లేకుండానే భుజం కండరం ఎగిరెగిరి పడింది. చర్మం మీద మంట లేదు, చురుకు లేదు. లోపల ఎవరో తట్టి లేపుతున్నట్లున్నది, అంతే. పావుగంట తరువాత బల్ల దిగితే నొప్పి నిజంగానే సగానికి సగం తగ్గింది! పది సిట్టింగుల రొక్కం అక్కడికక్కడే చెల్లించాను. అది నా నెల అద్దెలో సగం.

ఇందులోని కిటుకు కొత్తది కాదు. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం దగ్గరలోని తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. మన ఇళ్లకు కరెంటునిచ్చే జనరేటర్లకు మూలం అదే. మన శరీరంలో ఉన్నది చాలా వరకు ఉప్పునీరే కనుక అదీ విద్యుత్తును పోనిస్తుంది. చుట్టలోని కరెంటును సెకనులో వెయ్యోవంతు కన్న తక్కువ కాలంలో పెంచి తగ్గిస్తే, అప్పుడు పుట్టే క్షేత్రం చర్మాన్నీ ఎముకనూ అడ్డు లేకుండా దాటిపోయి లోపలి నరాల వద్ద సన్నని ప్రవాహాన్ని రేపుతుంది. నరం మేల్కొంటుంది, కండరం ముడుచుకుంటుంది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఆంటొనీ బార్కర్, ఆయన సహచరులు ఇటువంటి చుట్టను తలపై నిలిపి, పుర్రెకు గాటు పెట్టకుండానే మెదడును ప్రేరేపించి చేతి కండరాలను కదిలించారు. ఈ యంత్రాల బలం సామాన్యమైనది కాదు, రెండు మూడు టెస్లాల దాకా ఉంటుంది. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో చాలా వాటి బలం ఒకటిన్నర టెస్లాలే. అందుచేత గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు, చెవిలో కాక్లియర్ పరికరం ఉన్నవారు, గర్భవతులు దీని దరికి పోరాదు. ఆ ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు. గాజుల సంగతే అడిగారు.

మరి నొప్పి ఎందుకు తగ్గినట్లు? మోకాలికి బల్లకోడు తగిలితే మనం వెంటనే ఆ చోటును చేత్తో రుద్దుకుంటాం. ఆ స్పర్శ కబురు వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డం పడుతుందని, అక్కడొక ద్వారం వంటిది ఉన్నదని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సిద్ధాంతీకరించారు. యంత్రం చేసినదీ కొంతవరకు ఆ రుద్దుడు వంటిదే కావచ్చు. ఇంటి మెట్లెక్కే దాకా ఊరట, అన్నం వేళకు మళ్లీ సలుపు. ఆరు సిట్టింగులైనా చేయి అంగుళం పైకి లేవలేదు.

ఏడవ దానికి పోకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ముందు నిలబడ్డాను. ఆయన నా చేతిని నన్నెత్తమన్నారు, లేవలేదు. తానే పట్టుకొని ఎత్తారు, అప్పుడూ లేవలేదు. మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే తలుపు గడియ పడ్డట్టు ఆగిపోయింది. “ఇతరులు ఎత్తితే లేచే చేయి వేరు, ఎవరెత్తినా లేవని చేయి వేరు. మీది ఫ్రోజెన్ షోల్డర్,” అన్నారు. కీలును చుట్టి సంచి వంటి పొర ఒకటుంటుంది. అది వాచి, మందమెక్కి, ముడుచుకుపోతుంది. కండరాన్ని ఎంత ఎగిరించినా ముడుచుకున్న సంచి సాగదు. ఆరు సిట్టింగుల రహస్యం అప్పుడు బోధపడింది.

ఆ పేరును 1934లో బోస్టన్ శస్త్రవైద్యుడు కాడ్మన్ వాడుకలోకి తెచ్చాడు. తెలుగులో ఏమనాలి? ‘గడ్డకట్టిన భుజం’ అంటే పెరుగు జ్ఞాపకం వస్తుంది. ‘బిగుసుకున్న భుజం’ కొంత నయం. ఆయుర్వేదం దీనికి దగ్గరి వ్యాధిని అపబాహుకమన్నది. జపాను వాళ్లు మాత్రం ఏ జంకూ లేకుండా ‘ఏభై ఏళ్ల భుజం’ అనేశారు. నలభై నుంచి అరవై ఏళ్ల నడుమ, మగవారి కన్న ఆడవారికి ఎక్కువగా వస్తుంది కనుక ఆ పేరును తప్పుపట్టలేను. నాకింకా ఏభై రాలేదన్నది వేరే విషయం.

డాక్టరు మందు రాయకముందు అడిగిన ప్రశ్న ఒక్కటే: “చక్కెర పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?” ఎన్నడూ లేదు. చేయిస్తే మూడు నెలల సగటు ఎనిమిది దాటి ఉన్నది. బిగుసుకున్న భుజం మధుమేహం ఉన్నవారిలో తక్కినవారి కన్న ఎన్నో రెట్లు ఎక్కువ. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించింది. నా వలె తెలియక తిరుగుతున్నవారికి ముందు కబురందించేది ఒక్కోసారి భుజమే. ఆ మేడమీది గదిలో పదీ పూర్తి చేసి, నొప్పి కొంత తగ్గిందని సంతోషించి ఉంటే ఈ సంగతి ఇంకెన్నేళ్లకు బయటపడేదో! నాకు యంత్రం మీద కోపం లేదు. చేయి పట్టుకొని చూడకుండా, ఒక ప్రశ్న అడగకుండా ప్యాకేజీ అమ్మడం మీదనే నా కోపం. మిగిలిన నాలుగింటి డబ్బు తిరిగి రాలేదు, అది ఇంకో కోపం.

యంత్రం పక్షాన కూడా చెప్పవలసినది ఉన్నది. కండరాన్ని కదిలించని బలహీన క్షేత్రాలతో చేసే చికిత్స మరొకటున్నది. బోర్డులు రెంటినీ ఒకే పేరుతో పిలుస్తాయి. అతుక్కోని విరిగిన ఎముకల కోసం ఈ రెండవ దానిని అమెరికా ప్రభుత్వం 1979లోనే అనుమతించింది. భుజం మీద దీనిని నిక్కచ్చిగా పరీక్షించిన అధ్యయనమొకటి 1984లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వచ్చింది. ఇంజక్షన్లకు లొంగని 29 మందిని తీసుకొని 15 మందికి అసలు చుట్ట, 14 మందికి పనిచేయని ఉత్తుత్తి చుట్ట ఇచ్చారు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, పరీక్షించే వైద్యుడికీ తెలియదు. నాలుగు వారాల పాటు అసలు చుట్టవారే స్పష్టంగా మెరుగుపడ్డారు. తరువాత అందరికీ అసలువే ఇచ్చారు, తేడా మాసిపోయింది. చివరికి 19 మందికి నొప్పి పూర్తిగా పోయింది. అయితే వారి వ్యాధి భుజపు కండరాల స్నాయువుల వాపు, నాది కీలు సంచి ముడుచుకుపోవడం. బిగుసుకున్న భుజంపై జరిగిన 19 విద్యుచ్చికిత్సా ప్రయోగాలను 2014లో కాక్రేన్ సంస్థ ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఈ క్షేత్రాల మేలు గురించి దొరికిన సాక్ష్యం ఏమీ తేల్చలేనంత బలహీనంగా ఉన్నదని తేలింది. శస్త్రచికిత్స గొప్పేమిటంటారా? బ్రిటన్‌లో 503 మంది మీద జరిగి 2020లో వెలువడిన పెద్ద పరీక్షలో రెండు రకాల శస్త్రచికిత్సలనూ, ఇంజక్షనుతో కూడిన వ్యాయామాన్నీ పోల్చారు. ఏడాది గడిచేసరికి ఏదీ తక్కిన వాటి కన్న చెప్పుకోదగినంత మిన్న కాలేదు.

నాకు ముందు చక్కెర అదుపు చేసి, ఆ పైన ఒక్క స్టెరాయిడ్ ఇంజక్షనిచ్చారు. ముందే ఇస్తే చక్కెర ఇంకా పెరుగుతుందట. పిమ్మట వ్యాయామం. వంగి నిలబడి చేతిని గంటలోలకం వలె వేలాడదీసి ఊపడం ఒకటి. గుమ్మానికి గిలక బిగించి, తాడు రెండు కొసలూ పట్టుకొని ఎడమచేత్తో కుడిచేతిని పైకి లాగడం రెండోది. బావిలో నీళ్లు తోడిన తరంవారికి ఇది నేర్పనక్కరలేదు. మూడోది గోడకెదురుగా నిలిచి వేళ్లతో గోడ మీద పైకి పాకడం.

కింది వాటాలో కరీంనగర్ నుంచి వచ్చిన అబ్బాయి ఉంటాడు. మూడవసారి పరీక్ష రాస్తున్నాడు. ఒకనాడు మెట్ల మీద ఆపి, “అక్కా, నాకూ భుజం గుంజుతుంది. ఆ మిషన్ నాకు పనిచేస్తదా?” అని అడిగాడు. పది సిట్టింగులకు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోబోతున్నాడట. అతని చేయి పట్టుకొని ఎత్తాను, సునాయాసంగా చెవి దాటిపోయింది. అదే డాక్టరు వద్దకు తీసుకువెళితే, భుజంలో జబ్బేమీ లేదని, ఒకే భుజానికి వేలాడే పుస్తకాల సంచినీ, మరీ ఎత్తుగా ఉన్న లైబ్రరీ బల్లనూ మార్చమని, గంటకోసారి లేచి నడవమని చెప్పి, రెండు వ్యాయామాలు చూపి పంపారు. సంచి మార్చాడు. బల్ల మార్చడం అతని చేతిలో లేదు కనుక కుర్చీ మీద దిండు వేసుకుంటున్నాడు.

నా వంటింటి గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. వేళ్లు ఎంతవరకు పాకాయో ప్రతి ఆదివారం గీత గీసి, పక్కన తేదీ వేసేదాన్ని. మొదటి గీత నా గడ్డం ఎత్తున ఉన్నది. వేసవి నెలల గీతలు ఒకదాని మీద ఒకటి పడి నల్లని పట్టీ అయిపోయాయి, అప్పుడు ఏమీ కదలలేదు. దీపావళి తరువాత ఎడం పెరిగింది. పధ్నాలుగవ నెలలో ఊరగాయ జాడీ అందింది. జడ మాత్రం ఇప్పటికీ ఒక పక్కకే వేసుకుంటున్నాను. ఇల్లుగల ఆవిడ మొన్న వచ్చి ఆ గోడ చూసి, ఇంట్లో పిల్లలెవరూ లేరే అని ఆశ్చర్యపోయి, ఖాళీ చేసేటప్పుడు సున్నం డబ్బులు పట్టుకుంటానని చెప్పి వెళ్లింది.