అన్నం మానవద్దు, తగ్గించండి

మధుమేహమని తెలియగానే అన్నం మాని, రాగిసంకటి కడుపునిండా భుజించేవారిని తరచుగా చూస్తున్నాను. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు; రాగులలోనూ 70కి అటూ ఇటూగా ఉన్నది. ధాన్యం మారితే చాలదు, పరిమాణం తగ్గాలి. చరకుడు ప్రమేహరోగికి యవలను విధించినా, ఆహారం మాత్రానుసారం ఉండవలెననే చెప్పాడు. గురుకులంలో నేను నేర్చిన తొలి పాఠమదే.

మన ఇళ్లలో కంచమంతా అన్నం, అంచున కూర. దీనిని తారుమారు చేయాలన్నదే నా అభిప్రాయం. సగం బీర, పొట్ల, తోటకూర వంటి కూరలు, పావు పప్పు, పావు అన్నం. ప్రత్యేకమైన వంట అక్కరలేదు. గుప్పెడు నానిన పెసరపప్పుతో సొరకాయ ముక్కలు మగ్గించి, జీలకర్ర, కరివేపాకు పోపు పెట్టి, మిరియాల పొడి చల్లితే ఇంటిల్లిపాదికీ అదే కూర. చివర పలుచని మజ్జిగ.

ఒక హెచ్చరిక. నా మాట విని అన్నం ఒక్కసారిగా మానిన పెద్దాయన ఒకరు చెమటలు పట్టి సోలిపోగా, నేనే బెల్లపు నీళ్లు త్రాగించాను. చక్కెర తగ్గించే మాత్రలు వాడుతున్నారా అని ముందుగా అడగకపోవడం నా దోషం. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తమ వైద్యునితో మోతాదు సరిచూపించుకొన్న పిదపనే అన్నం తగ్గించాలి.