కంటి మదింపు

పూర్వము పంట పదునాఱణాలకు నెన్ని యణాలు పండినదో గ్రామాధికారి కంటితోఁ జూచి వ్రాసెడివాఁడు. అతఁడు ధర్మాత్ముఁడే కావచ్చును. కాని బాటప్రక్క పొలమే ముందు కంటఁబడును, భయమో దయయో కలములోఁ జొచ్చును. 1931లో కలకత్తాలో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిసు, 1937 మొదలు వంగదేశపు జనపనార పంటను, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నేర్పఱచిన పొలములయందుఁ గొలిపించెను. 2016లో నారంభమైన ప్రధానమంత్రి పంటల బీమాయు నిట్టి పంటకోఁత ప్రయోగముల నాధారముగాఁ గొన్నది. ఏ పొలము కోయవలెనో మొగమాటమే నిర్ణయించిననాఁడు నష్టపడిన రైతునకు న్యాయమెక్కడిది? వర్తకులకును మా మనవి యిదియే: మెచ్చి మరల వచ్చినవారినే కాక, రాక మానినవారినిఁ గూడ లెక్కింపుఁడు. లెక్కకుఁ బక్షపాతము లేదు; ఏరుకొను చేతికిఁ గలదు.