తప్పులన్నీ ఉత్తుత్తి రోగుల మీదే చేయనివ్వండి

గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అబిడ్స్‌కీ నాంపల్లికీ కూతవేటు దూరం. రేపు అందులో ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా కంప్యూటర్ మీద నడవక తప్పదు. ఆ కంప్యూటర్ల ముందు ఎవరు కూర్చుంటారు? ఊడ్చే పనికీ స్ట్రెచర్ తోసే పనికీ మన వాడల్ని ఎప్పుడూ ముందే పిలుస్తారు. మేమడిగేది కౌంటరు కుర్చీ సంగతి.

దానికి చదువు కావాలంటారు. సరే, నేర్పండి. మా పాత విద్యార్థిని ఒకామె అప్పు చేసి ఫీజు కట్టి మూడు నెలలు 'హాస్పిటల్ కంప్యూటర్ కోర్సు' చదివింది. తెరల బొమ్మలు చూపించారట, నోట్సు రాయించారట. మౌస్ పట్టిన రోజు లేదు. ఈత మీద పుస్తకం చదివించి చెరువులో తోసినట్టుంది!

సాధనం లేదా అంటే ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టనక్కర్లేదు. ఒక ల్యాబులో దాన్ని పెట్టి ఉత్తుత్తి రోగుల్ని నింపితే అదే ఆసుపత్రి. పిల్ల రిజిస్టర్ చేస్తది, పరీక్షలు ఎక్కిస్తది, పొరపాటు చేస్తది. ఎవరి ప్రాణం మీదికీ రాదు. నిజం రోగుల వివరాలు మాత్రం క్లాసుకి తేవద్దు. ఎవరు ఏ జబ్బుతో వచ్చారన్నది బజారు సంగతి కాదు.

ఉత్తుత్తి రోగుల్ని కూడా మనమే తయారు చేసుకోవాలి. సింథియా అనే ఉచిత ప్రోగ్రాం వేలమందిని పుట్టిస్తుంది గానీ వాళ్ళంతా అమెరికా లెక్కల్లోంచి వచ్చిన మనుషులు. మన ఓపీ లైన్లో పుట్టిన తేదీ తెలియని ఎల్లమ్మ నిలబడి ఉంటుంది. 'ఇందిరమ్మ గెలిచిన ఏడు పుట్టిన' అంటది. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకో కార్డులో వెనక. ఒకనాడు ఎల్లమ్మ, మరునాడు యెల్లమ్మ. మనిషి ఒకతే, నంబర్లు మూడు. పాత రిపోర్టు పాత నంబరు కింద పడి ఉంటుంది, డాక్టరు మళ్ళీ రక్తం తీయమంటాడు. అంతకన్నా ఘోరం, ఇద్దరు ఎల్లమ్మలు ఒకే నంబరు కింద పడితే ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరికి రాసి ఉంటుంది. దీన్ని పట్టుకోవడం ల్యాబులోనే రావాలి. విసుక్కోకుండా రెండోసారి అడగడం కూడా.

ఇంకో మాట. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి రోజుల తరబడి కాగితం మీదే పని నడిపారు. అందుకే ల్యాబులో టీచరు చెప్పకుండా సర్వర్ ఆపేయాలి. పిల్లలు చేత్తో చీటీలు రాసి, సర్వర్ వచ్చాక ఒక్కటీ పోకుండా ఎక్కించాలి.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఉంది. అబిడ్స్ చుట్టూ కాలేజీలున్నాయి. కొత్త ఆసుపత్రి తలుపులు తెరిచేలోపు ఇటువంటి చోట్ల ల్యాబులు పెట్టండి. హాస్టల్ పిల్లల దగ్గర ఫీజు తీసుకోవద్దు. ఆసుపత్రిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో దాని శిక్షణ కాపీ ఈ ల్యాబులకు ఇవ్వాలని టెండరు కాగితంలోనే రాయండి. తర్వాత అడిగితే కంపెనీవాడు వేరే రేటు చెప్తాడు. కౌంటరు ఉద్యోగాలు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి అప్పజెప్పినా రోస్టర్ పాటించి తీరాలన్న మాట కూడా ఆ కాగితంలోనే ఉండాలి.