సీటు దక్కితే చాలదు, చదువు దక్కాలి: బరంపురం మహిళా కళాశాలకు, ఒడిశా ఉన్నత విద్యా శాఖకు బహిరంగ లేఖ

శశిభూషణ రథ్ ప్రభుత్వ స్వయంప్రతిపత్తి మహిళా కళాశాల ప్రధానాచార్యులకు, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, ఒడిశా ఉన్నత విద్యా శాఖ కార్యదర్శికి

గౌరవనీయులారా,

మార్కుల వరుసను బట్టి సీట్లు ఇచ్చే ప్రభుత్వ కళాశాలలో ఒక అమ్మాయి చేరడం రెండు మెట్లుగా జరుగుతుంది: ఎంపిక జాబితాలో పేరు రావడం మొదటిది, గడువులోగా సొమ్ము కట్టి, ధ్రువపత్రాలు చూపించి, హాస్టల్లోనో ఇంటినుంచో చదువు సాగించగలగడం రెండవది. మొదటి మెట్టుకు ఒడిశాలో ఉత్తర్వులు, నిబంధనలు, కంప్యూటర్ వ్యవస్థ అన్నీ అమరి ఉన్నాయి. రెండవది చాలావరకు ఆ కుటుంబం చేతిలో ఆ వారం ఉన్న నగదు మీద ఆధారపడి ఉంది. గంజాం జిల్లాలో, ముఖ్యంగా తెలుగు మాట్లాడే నేతకారుల, మత్స్యకారుల ఇళ్ల అమ్మాయిలకు ఈ రెండవ మెట్టు దగ్గర ఎదురయ్యే ఆటంకాలు ఏవో చూపించి, వాటిలో కళాశాల తనంత తాను తొలగించగలిగినవాటిని, ప్రభుత్వం పూనుకోవలసినవాటిని వేరుచేసి ముందుంచడం ఈ లేఖ ఉద్దేశం.

ఒడిశాలో డిగ్రీ ప్రవేశాలు శామ్స్ అనే స్టూడెంట్ అకడమిక్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ద్వారా జరుగుతాయి. విద్యార్థిని ఒకే దరఖాస్తులో తనకు కావలసిన కళాశాలలను, ఆనర్స్ సబ్జెక్టులను ప్రాధాన్య క్రమంలో పేర్కొంటే, ప్లస్ టూ మార్కులను బట్టి జాబితా తయారవుతుంది. చివరి సీటు ఎన్ని మార్కుల దగ్గర నిండిందో దానినే కటాఫ్ అంటారు. పైరవీకి తావివ్వని ఈ పద్ధతి మేలైనదే, దానిని తీసివేయమన్న కోరిక ఈ లేఖలో లేదు. అయితే ఆ మార్కులు ఏ పరిస్థితుల్లో వచ్చాయో జాబితాకు పట్టదు. పట్టణంలో ట్యూషన్లతో ఇంగ్లీషు మీడియంలో చదివి తెచ్చుకున్న 80 శాతం, గోపాల్‌పూర్ తీరంలోని నోలియా మత్స్యకారుల పేటలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పై తరగతుల పుస్తకాల్లో ఇంగ్లీషు నేర్చుకుంటూ తెచ్చుకున్న 80 శాతం దాని లెక్కలో ఒక్కటే.

రిజర్వేషన్ ఈ తేడాను కొంత పూడుస్తుంది. షెడ్యూల్డ్ తెగలకు 22.5 శాతం, షెడ్యూల్డ్ కులాలకు 16.25 శాతం సీట్లు ఉండగా, 2025-26 విద్యా సంవత్సరం నుంచి సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు 11.25 శాతం కేటాయించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడంతో ఈ మూడు వర్గాల వాటా కలిపి 50 శాతానికి చేరింది. ఆ వర్గాల జాబితాల్లో ఉన్న కులాల తెలుగు అమ్మాయిలకు కూడా దీనివల్ల తలుపు తెరుచుకుంటుంది. కాని కులం, తెగ, అంగవైకల్యం వంటి ప్రమాణాలకు అందని వెనుకబాటు ఒకటి సరిహద్దు జిల్లాల్లో ఉంది. అది భాష వల్ల కలిగేది. బరంపురం తెలుగువారు అనగానే ఇక్కడ 1894లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి. గిరి వంటివారి కుటుంబాలు, వకీళ్లు, అధ్యాపకులు గుర్తుకు వస్తారు గాని, మగ్గం మీద బతికే దేవాంగుల వీధులు, వలల మీద బతికే తీరగ్రామాలు అంత సులువుగా గుర్తుకు రావు.

కళాశాలకు ఉన్న పేరే ఈ విషయంలో ఒక బాధ్యతను గుర్తుచేస్తుంది. శశిభూషణ రథ్ 1913లో బరంపురం నుంచి ‘ఆశా’ వారపత్రికను ప్రారంభించి, 1928లో దానిని దినపత్రికగా తీర్చిదిద్దారు. అప్పట్లో గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఒడియా మాట్లాడేవారు కచేరీల్లోనూ బడుల్లోనూ తమ భాషకు తగిన చోటు లేదని బాధపడేవారు. మధుసూదన దాస్ పూనికతో 1903లో మొదలైన ఉత్కళ సమ్మిళని ఆ బాధకు గొంతునిచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం అందులో చేరడంతో ఆ న్యాయమైన కోరిక తీరింది; అదే రోజున ఈ నేల మీది తెలుగువారు అల్పసంఖ్యాక భాషా వర్గమయ్యారు. అల్పసంఖ్యాకుల భాష పాలనకు కనబడకపోతే ఏమవుతుందో పత్రిక పెట్టి చెప్పిన వ్యక్తి పేరు మోసే సంస్థ, నేటి అల్పసంఖ్యాక భాషల అమ్మాయిలను గురించి ఇతరులకంటే ముందుగా ఆలోచించాలని ఆశించడం అత్యాశ కాదు. వీరిలో తెలుగుతోపాటు గజపతి జిల్లా సవర భాష, కంధమాల్ కుయి భాష మాట్లాడే అమ్మాయిలూ ఉన్నారు.

అయితే భాష ప్రాతిపదికన సీట్ల వాటా కావాలని ఈ లేఖ కోరడం లేదు. అందుకు రాజ్యాంగపరమైన కారణం ఉంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో మతం, జాతి, కులం, భాష అనే కారణాలతోనే ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం రెండవ క్లాజు చెబుతుంది. ఆ క్లాజు ఆధారంగానే మద్రాసు రాష్ట్ర కమ్యూనల్ జీవోను, అంటే వర్గాలవారీగా కళాశాల సీట్లు పంచిన ఉత్తర్వును, 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. వెంటనే జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ 15వ అధికరణంలో నాలుగవ క్లాజును చేర్చి, వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది గాని, అందులో భాష ప్రసక్తి లేదు. కాబట్టి భాషాపరమైన లోటును సీట్ల పంపకంతో కాక, సీటు వచ్చిన అమ్మాయిని నిలబెట్టే సాయంతో తీర్చడమే వీలైన దారి.

ఆ సాయం విషయంలో అసలు చిక్కు మొత్తం తక్కువ కావడం కంటే వేళ దాటి రావడం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, అంటే పదవ తరగతి దాటిన చదువులకు ఇచ్చే ఉపకార వేతనం, రెండున్నర లక్షల రూపాయల లోపు వార్షికాదాయం ఉన్న షెడ్యూల్డ్ కులాల, తెగల కుటుంబాలకు అందుతుంది. ప్లస్ టూలో తమ బోర్డు పరిధిలో పైవరుస 20 శాతంలో నిలిచినవారికి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు. అందులో సగం అమ్మాయిలకే. ఇవన్నీ విద్యార్థిని కళాశాలలో చేరాక, దరఖాస్తు చేశాక, పరిశీలన పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో పడేవి. ప్రవేశ రుసుము, హాస్టల్ అడ్వాన్సు మాత్రం చేరే రోజే చెల్లించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల రక్షణ కోసం నవంబరు నుంచి మే చివరిదాకా మరో నిషేధం. డిగ్రీ ప్రవేశాలు సాగేది సరిగ్గా ఆ తర్వాత, తీరగ్రామాల ఇళ్లలో డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో.

కాగితాల చిక్కు ఇంకొకటి. షావుకారు ఇచ్చిన పట్టునూలు నేసి చీర లెక్కన మజూరీ తీసుకునే నేతగాడికి జీతం చీటీ ఉండదు. తహసీల్దారు కార్యాలయం నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవడానికి పని మానుకుని తిరగాలి. పేరుతో వచ్చే తంటా మరీ విచిత్రమైనది. తెలుగింట ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియా అలవాటులో వెనక వస్తుంది. అందువల్ల ఒకే అమ్మాయి పదవ తరగతి సర్టిఫికెట్‌లో బోడా లక్ష్మీకుమారిగా, ఆధార్‌లో లక్ష్మీకుమారి బోడాగా, బ్యాంకు పాస్‌బుక్‌లో బి. లక్ష్మిగా ఉండడం అరుదు కాదు. ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే సొమ్ము జమచేసే పద్ధతిలో ఈ మూడు పేర్లూ ఒకటేనని తేలేదాకా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అర్హత ఉన్నా, మంజూరు ఉన్నా, పొడి అక్షరం ఒకటి అడ్డుపడుతుంది.

ఆలస్యమైన సాయం ఎంత ప్రమాదకరమో తెలుగు సమాజానికి తెలియనిది కాదు. 2020 నవంబరులో, ఢిల్లీ లేడీ శ్రీరామ్ మహిళా కళాశాలలో గణితం చదువుతున్న తెలంగాణ షాద్‌నగర్ విద్యార్థిని బలవన్మరణానికి పాల్పడింది. అటువంటి మరణాన్ని ఒకే కారణానికి ముడిపెట్టడం తగదు గాని, ఆన్‌లైన్ పాఠాలకు లాప్‌టాప్ లేకపోవడం, హాస్టల్ ఖాళీ చేయవలసి రావడం, స్కాలర్‌షిప్ సొమ్ము చేతికి అందకపోవడం ఆనాడు దేశమంతటా చర్చకు వచ్చాయి. మార్కుల్లో ఆమెకు ఏ లోటూ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే విద్యార్థి ఫీజును ప్రభుత్వమే కళాశాలకు చెల్లించే పథకం, లక్షల మందిని చదువులోకి తెచ్చిన మాట నిజమే అయినా, బకాయిలు పేరుకున్నప్పుడల్లా ఆ భారం తిరిగి విద్యార్థుల మీదే పడుతున్నది.

ఈ ఆలస్యపు సాయానికి భిన్నమైన ఆలోచన పాతదే. 1837లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మౌంట్ హోలియోక్ మహిళా విద్యాలయాన్ని స్థాపించిన మేరీ లయన్, ఊరూరా తిరిగి చిన్న చిన్న చందాలు పోగుచేసి, ఇంటిపనిని విద్యార్థినులే పంచుకునే ఏర్పాటుతో ఏడాది ఖర్చును 60 డాలర్లకు పరిమితం చేశారు. మధ్యతరగతి ఇళ్ల అమ్మాయిలు భరించగలిగిన ఖర్చు ఎంతో ముందు తేల్చుకుని, దానిని బట్టి సంస్థను నడిపారు. నేడు వెల్స్‌లీ వంటి మహిళా కళాశాలలు తమ దేశపు విద్యార్థినుల ఎంపికలో కుటుంబ ఆదాయాన్ని చూడవు; ఎంపిక అయ్యాక ఎంత సాయం దొరుకుతుందో ప్రవేశపత్రంతోపాటే తెలియజేస్తాయి. బరంపురంలోని ప్రభుత్వ కళాశాలకు అంతటి నిధులు లేవు గాని, సాయం సంగతి ముందే చెప్పే పద్ధతికి నిధులు అక్కరలేదు.

ఒడిశా ఉన్నత విద్యా శాఖను ఈ లేఖ కోరేవి రెండు. స్కాలర్‌షిప్‌కు అర్హత ఉన్న విద్యార్థినుల నుంచి చేరే రోజున రుసుము వసూలు చేయకుండా, హామీపత్రం తీసుకుని, సొమ్ము జమ అయ్యాక సర్దుబాటు చేసుకునే వీలు శామ్స్ మార్గదర్శకాల్లోనే కల్పించాలి. అనాథ పిల్లలకు గ్రీన్ పాసేజ్ పథకం ద్వారా రుసుము లేకుండా ప్రవేశం ఇస్తున్న రాష్ట్రానికి ఇది అసాధ్యం కాదు. పేర్లలో తేడాలకు ఒకే ఒక్క ప్రమాణపత్రాన్ని స్కాలర్‌షిప్ పోర్టల్, కళాశాల, బ్యాంకు మూడూ అంగీకరించేలా ఉత్తర్వు జారీచేయాలి.

కళాశాలను కోరేవి మూడు. స్వయంప్రతిపత్తి అంటే మాతృ విశ్వవిద్యాలయం పట్టా ఇస్తుండగా పాఠ్యప్రణాళికను, పరీక్షలను కళాశాలే నిర్ణయించుకునే హక్కు. ఆ హక్కుతో, ఒడియాలోనో తెలుగులోనో చదివి వచ్చినవారికి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లీషు పాఠ్యభాషకు అలవాటుపడే తరగతులు క్రెడిట్‌తో సహా ఏర్పాటు చేయవచ్చు. ప్లస్ టూ పరీక్షలు ముగిసిన వెంటనే, ఏప్రిల్‌లోనే, తెలుగు, సవర, కుయి మాట్లాడే సీనియర్ విద్యార్థినులతో సహాయ కేంద్రం నడిపి, ఆదాయ, నివాస, కుల ధ్రువపత్రాలను, పేర్ల తేడాలను దరఖాస్తుకు ముందే చక్కబెట్టించవచ్చు. సీటు వచ్చినవారెందరు, చేరినవారెందరు, మొదటి ఏడాదిలోనే మానేసినవారెందరు, వారి మాతృభాష ఏమిటి, ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటి అమ్మాయిలెందరు, స్కాలర్‌షిప్ ఏ నెలలో చేతికందింది అనే వివరాలను, పేర్లు బయటపెట్టకుండా, ఏటా ప్రకటించవచ్చు. జాబితాలో పేరుండి చేరనివారి లెక్క తీయని సంస్థ, తన ఎంపిక న్యాయంగా ఉందో లేదో తానే తెలుసుకోలేదు.

వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడకముందే ఈ ఐదు అంశాలపై కౌన్సిల్ తీర్మానం చేసి, శాఖ ఉత్తర్వు ఇచ్చి, రెండింటినీ ఒడియాతోపాటు తెలుగులోనూ ప్రకటించాలని కోరిక.

సవినయంగా,
బరంపురం తెలుగు పౌరులలో ఒకరు