గోల్ఫ్ విల్లాల లెక్క కొరాపుట్‌కు కుదరదు



గోల్ఫ్ మైదానాల పక్కన ఇళ్ల ధరలు ఎలా బేరీజు వేసుకోవాలో చెప్పిన మీ వ్యాసం హైదరాబాద్ మణికొండ వైపు కొనేవాళ్లకు పనికొస్తుంది. నెలనెలా కట్టే నిర్వహణ ఖర్చునూ ధరలో కలుపుకోవాలన్న మాట మంచిదే. అదే పద్ధతిని ఒడిశాలోని కొరాపుట్, రాయగడ స్థలాలకు అన్వయించడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

ఈ రెండు జిల్లాలూ పూర్తిగా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందివి. 1956 నాటి రెండో రెగ్యులేషన్, దానికి 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మకూడదు. 2023 నవంబరులో దీన్ని సడలించాలని ఒడిశా మంత్రివర్గం నిర్ణయించి, నిరసనలు రేగడంతో వెనక్కి తగ్గింది. తగ్గడమే న్యాయం. కొండగాలికి, పచ్చదనానికి ఎంత ధర కట్టినా, గిరిజనేతరులకు అమ్మే హక్కు లేని భూమికి మార్కెట్ విలువ అంటూ ఉండదు. అందుకే మనలాంటి గిరిజనేతరులు ఇక్కడ కొనదగిన స్థలాలే తక్కువ. చిన్న జీతగాడికి ఇల్లు అందకపోవడానికి ఈ కొరత కూడా ఒక కారణం. దాన్ని గిరిజనుల భూమితో తీర్చుకోవాలనుకోవడం తప్పు.

ఇక్కడి తెలుగువారికి నా మనవి: ధర అడిగే ముందు హక్కు పత్రం తీయించండి, పాత యజమానులెవరో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో చూసుకోండి. బేనామీ ఒప్పందాలకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

— ఒక పాఠకుడు, రాయగడ