ఆపరాని వేగాలు

సమావేశం ముగిసేవరకు ఎవరూ ఆసనం విడువరాదన్న నియమాన్ని క్రమశిక్షణ అనేవారున్నారు. నాకు మాత్రం అది శరీరధర్మంపై అధికారం చెలాయించడంగానే తోస్తుంది.

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయానికి ‘నవేగాన్ధారణీయం’ అని పేరు. వేగమంటే ఇక్కడ శరీరంలో సహజంగా పుట్టే ఒత్తిడి. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దప్పిక మొదలుగా 13 వేగాలను పేర్కొని, వాటిని అణచిపెడితే కలిగే బాధలను, చికిత్సలను ఆ అధ్యాయం చెబుతుంది. ఆవులింతకూ ఆ జాబితాలో చోటుంది. మన వక్తలు గమనింతురు గాక! అణచుకోవలసిన వేగాలూ అక్కడే ఉన్నాయి. పరుషంగా, అతిగా, అకాలంలో మాట్లాడాలన్న ఉబలాటం వాటిలో ఒకటి.

1998లో మా మండల కేంద్రంలో ఉపాధ్యాయుల సమావేశం. ఉదయం పదింటికి తలుపులు మూశారు. హాజరు సంతకం చివరనే అన్నారు. ఒంటిగంట దాటినా అధికారిగారి ప్రసంగం సాగుతూనే ఉంది. ముందు వరుసలో నా పక్కనున్న లెక్కల మాస్టారు మధుమేహరోగి. చాలాసేపు ఓర్చుకొని చివరకు లేచారు.

“ఎక్కడికండీ మాస్టారూ, మధ్యలో?” అని మైకులోనే ప్రశ్న.

అంతమంది స్త్రీపురుషుల ఎదుట ఆయన ఏమని చెప్పగలరు? మళ్లీ కూర్చున్నారు. చేతిసంచి ఒడిలో పెట్టుకొన్నారు. సభ ముగిశాక హాలు ఖాళీ అయ్యేదాకా లేవలేదు. తరగతిలో గంటలకొద్దీ ధారాళంగా పద్యాలు చదివే నా గొంతు ఆవేళ పెగలలేదు. “వెళ్లనివ్వండి” అన్న ఒక్కమాట చాలేది. ఇలాంటి రోజుల్లో మా సహోపాధ్యాయినులు తెల్లవారింది మొదలు మంచినీళ్లే ముట్టేవారు కారని తరువాత తెలిసింది.

బయటికి పోనిస్తే సగంమంది టీ కొట్టు దగ్గర తేలతారని అధికారుల వాదన. అందులో నిజం లేకపోలేదు. నేనూ అలా తేలినవాణ్ణే. అందుకు మందు నడుమ పదినిమిషాల విరామం, కాస్త కురచ ప్రసంగం. యంత్రాల దగ్గర పనిచేసేవారి చేతనే ఏకబిగిని ఐదుగంటలకు మించి పని చేయించరాదని, నడుమ అరగంటైనా విశ్రాంతి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం శాసించింది. బడిపంతులు దేహం ఇనుముతో చేసినది కాదు కదా!

ఆ మాస్టారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ తరువాత ప్రతి సమావేశానికీ అందరికన్నా ముందే వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చునేవారు. నేనూ ముందు వరుస మాని ఆయన పక్కకే చేరాను.